తలుపు తీసిన చప్పుడు

మా చిన్నమ్మాయి మౌనిక సెమిస్టర్ పరీక్షలకు చదువుకుంటానని నాగర్‌కర్నూలు హాస్టల్ నుంచి వనపర్తికి, మా ఇంటికి వచ్చి వారం దాటింది. ఈ వారంలో ఆమె ఏం చదివిందో నాకు తెలియదు గాని ఏమేం సినిమాలు చూసిందో మాత్రం వరసగా చెప్పగలను. అన్నం తింటూ చూస్తుంది, తల ఆరబెట్టుకుంటూ చూస్తుంది, ఒడిలో పుస్తకం తెరిచి పెట్టుకొని దాని మీద ఫోను ఆనించి చూస్తుంది. ఆ చూడటం కూడా మామూలుగా ఉండదు. పాట వస్తే వేలితో ఎగరగొడుతుంది. కొట్లాట వస్తే ఎగరగొడుతుంది. మిగిలిన దాన్ని ఒకటిన్నర రెట్ల వేగంతో నడిపిస్తుంది. ఆ వేగంలో హీరోయిన్ ఏడుస్తుంటే పాపం జలుబు చేసి తుమ్ముతున్నట్టు ఉంటుంది. "గట్ల చూస్తే ఏం అర్థమైతదమ్మా?" అని ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "స్టోరీ తెలిస్తే సాలు గద డాడీ. ఎగ్జామ్స్ పెట్టుకొని మొత్తం చూసుకుంట కూసునే టైం ఏడిది?" అంది. పరీక్షలు దగ్గర పడ్డాయి కాబట్టి సినిమాలు తొందరగా చూడాలి. నీటిపారుదల శాఖలో ముప్పై ఏళ్లకు పైగా ఇంజనీర్ల తర్కం విని రిటైరైన వాణ్ణి, అయినా ఇంత గట్టి తర్కం నేనెక్కడా వినలేదు. నిజం చెప్పొద్దూ, అది మా ఇంటి రక్తంలోనే ఉంది.

మొన్న మధ్యాహ్నం ఏదో ప్రాజెక్టు మోడల్ చేయాలి, అట్టపెట్టె కావాలని అటక ఎక్కింది. అట్టపెట్టెతో పాటు నా పాత లాబ్ రికార్డు ఒకటి పట్టుకొని దిగింది. బ్రౌన్ పేపర్ అట్ట, ఒక మూల బొద్దింకలు కొరికిన గుర్తు, లోపల ఎన్నో ఏళ్ల నాటి సిరా వాసన. మా అమ్మాయికి రికార్డు అంటే వాట్సాప్ గ్రూపులో వచ్చే ఫైలు. అందుకని చేత్తో రాసిన దాన్ని మ్యూజియంలో వస్తువు చూసినట్టు చూస్తూ పేజీలు తిప్పింది. తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగింది. "డాడీ, ఇదేంది? ముప్పై రెండో పేజీల సిమెంటు నడుమ చెల్లె వచ్చింది?" అని అడిగింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆ చెల్లెలి కథ నేను ఈ ముప్పై ఏళ్లలో ఎంతమందికి చెప్పి నవ్వించానో లెక్కలేదు. ఇంట్లో మాత్రం ఎవరూ ఎప్పుడూ అడగలేదు. కూర్చోబెట్టి మొదటి నుంచి చెప్పాను.

నేను గద్వాలలో డిప్లొమా చదివాను. మా ఊరు వడ్డేపల్లి పక్కన. ఆ కాలంలో మాకు సెమిస్టర్ అంటే పదహారు వారాలు. అందులో పదిహేను వారాలు లాబ్‌లో గోడకు ఆనుకొని నిలబడేవాళ్లం, పదహారో వారంలో రికార్డు రాసేవాళ్లం. రాసేవాళ్లం అంటే ఏదో ప్రయోగం చేసి, వచ్చింది రాసేవాళ్లమని కాదు. సీనియర్ రికార్డు తెచ్చుకొని దించేవాళ్లం. ఆ సీనియర్ తన సీనియర్ దగ్గర దించాడు. ఆ పైవాడు మరొకరి దగ్గర. మొట్టమొదట నిజంగా ప్రయోగం చేసిన మహానుభావుడు ఎవరో, ఇప్పుడు ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు గాని, ఆయన పుణ్యాన మా కాలేజీలో సిమెంటు ఎండాకాలమైనా వానాకాలమైనా, ఏ కంపెనీదైనా సరే, ప్రతి ఏడూ సరిగ్గా ఒకే నిమిషానికి గట్టిపడేది. అక్షరాలన్నీ ఇంగ్లీషువి. తెలుగు మీడియం నుంచి వచ్చిన మాకు ఇంగ్లీషు చేతికి వచ్చింది గాని నోటికి రాలేదు, తలకు అసలే రాలేదు. అందువల్ల దించేటప్పుడు తలతో పని ఉండేది కాదు. చెయ్యి దాని పని అది చేసుకుపోయేది, చెవులు ఖాళీగా ఉండేవి. జరిగిన నష్టమంతా ఆ ఖాళీ చెవుల వల్లనే జరిగింది.

రికార్డు మీద ఎర్ర సిరా సంతకం పెట్టవలసింది వామనరావు సారు. తెల్ల చొక్కా, జేబులో ఎర్ర పెన్ను, దాని పక్కన చిన్న పెన్సిలు. పెళ్లి చేసుకోలేదు. ఆయనకు రెండు విషయాల్లో పట్టింపు. ఒకటి, గడువు రోజున గంట కొట్టిన తర్వాత ఇచ్చిన రికార్డును వేలితో కూడా ముట్టుకునేవాడు కాదు. "గంట కొట్టినంక అది రికార్డు కాదయ్యా, కాయితం" అనేవాడు. రెండోది సినిమా. జీవితంలో థియేటర్ మెట్టెక్కలేదని మొదటిరోజు క్లాసులోనే చెప్పాడు, తర్వాత ప్రతి వారం గుర్తు చేసేవాడు. దేవుడు అలాంటి మనిషికి థియేటర్ వెనక గోడను ఆనుకొని ఇల్లు దొరికేలా చేశాడు. ఇంత వినపడుతున్నా తాను మెట్టెక్కలేదు చూడండి అన్నట్టు, పొద్దున రాగానే బోర్డు తుడుస్తూ తన బాధ చెప్పుకునేవాడు. "నిన్నంత ఆ ముసలామె ఏడుపే. మల్ల ఆ తుపాకి చప్పుడు. మనిషి బతకాల్నా వద్దా?" అనేవాడు. ఇల్లు మారొచ్చు గదా అని మాకెవరికీ తట్టలేదు. తట్టినా అడిగే ధైర్యం ఎవరికుంది. సారు రికార్డు చదవడని మాత్రం కాలేజీ అంతటికీ తెలుసు. బొటనవేలితో పేజీలు గలగలా తిప్పి, ప్రయోగం చివర ఒక సంతకం, మొదటి పేజీలో పెద్ద సంతకం, అంతే. ఆ పెద్ద సంతకం ఉంటేనే హాల్ టికెట్ ఇచ్చేవారు. నాకు ఆ హాల్ టికెట్ ఎంత అవసరమో మా నాయన ముందే చెప్పి పెట్టాడు. "ఒక్క సెమిస్టర్ పోయినా పెట్టె సర్దుకొని రా. విత్తనపత్తి చేన్ల క్రాసింగ్ చేసేతందుకు మనుషులు దొరుకుతలేరు" అన్నాడు. క్రాసింగ్ అంటే పొద్దున్నే నడుము వంచి, ఒక్కొక్క పత్తిపువ్వుకు మరో పువ్వు పుప్పొడి అద్దడం. నేను చిన్నప్పుడు సెలవులన్నీ ఆ పని చేసినవాణ్ణే. నాయన అన్న మాట బెదిరింపు కాదు, నిజంగానే మనుషులు దొరకడం లేదు.

మేము ముగ్గురం నాగమ్మవ్వ ఇంట్లో ముందు గదిలో అద్దెకు ఉండేవాళ్లం. నేను, అలంపూర్ నుంచి వచ్చిన భాస్కర్, నల్లమలలో మన్ననూర్ నుంచి వచ్చిన ఈదన్న. భాస్కర్ వాళ్లది పూజారుల ఇల్లు. వాడు చదవకుండా పుస్తకానికి విభూతి పెట్టి ఊరుకునేవాడు. ఈదన్న వాళ్ల నాయన అటవీశాఖలో, కార్చిచ్చు పాకకుండా గడ్డి చెక్కి మంట గీతలు కొట్టే పని చేసేవాడు. నాగమ్మవ్వ పుట్టిల్లు రాయచూరు వైపు. ఆమె మాటలో సగం కన్నడం దొర్లేది. మమ్మల్ని చూడగానే మొదటి మాట "ఊట ఆయ్తా?" అనే. తిన్నామని చెప్పినా నమ్మేది కాదు. పొద్దంతా గడప అవతల అరుగు మీద కూర్చొని రాట్నం తిప్పుతూ చీరెల మగ్గాలకు నూలు కండెలు చుట్టేది. గదిలో ఎప్పుడూ నూలుకు పెట్టిన గంజి వాసన, కిరసనాయిలు స్టవ్ వాసన, జొన్నరొట్టె కాలిన వాసన కలిసి ఉండేవి. రాట్నం కిర్రుమనే చప్పుడు మాకు ఎంత అలవాటైందంటే అది ఆగితేనే తలెత్తి చూసేవాళ్లం. ఆమె రోజూ మూడున్నరకు రాట్నం ఆపి మాకు చాయ్ పెట్టేది. ఆ రోజు కండెలు సరిగా సాగకపోతే చాయ్ ఉండదు. అది ఆమె పద్ధతి, దాంట్లో మా ప్రమేయం ఏమీ లేదు.

పరీక్షల టైంటేబుల్ బోర్డు మీద పెట్టిన రోజే ఊళ్లో కొత్త సినిమా పడటం ఆ కాలపు ఆచారం. రిక్షాకు రెండు పక్కలా పోస్టర్లు కట్టి, మైకులో అరుస్తూ మా సందులోకే వచ్చేవారు. ముగ్గురం పోతే రికార్డులు ఆగుతాయి, ఎవరూ పోకపోతే ప్రాణం ఆగుతుంది. అందుకని మా గదిలో ఒక కట్టుబాటు చేసుకున్నాం. పరీక్షలు అయ్యేదాకా గది తరఫున ఒక్కడే సినిమాకు పోవాలి. పోయినవాడు వచ్చి మిగిలినవాళ్లకు సినిమా చెప్పాలి. మిగిలినవాళ్లు దించుకుంటూ వినాలి. ఇందులో చదువుకూ నష్టం లేదు, సినిమాకూ నష్టం లేదని మా అభిప్రాయం. మొదటిసారి భాస్కర్‌ను పంపితే వచ్చి, "హీరో మంచోడు. ఇంకొకడు చెడ్డోడు. ఆఖరికి పెండ్లైంది" అని రెండు నిమిషాల్లో ముగించి పడుకున్నాడు. రెండోసారి నేను పోయి వచ్చి హీరోయిన్ కట్టిన చీరెల రంగులు మాత్రమే చెప్పానట. మూడోసారి ఈదన్న పోయాడు. ఆ తర్వాత ఎవరు పోవాలన్న మాటే రాలేదు.

ఈదన్న సినిమా చెప్పడం సినిమా కంటే ఎక్కువసేపు పట్టేది. తెర లేచే ముందు వేసే సబ్బు ప్రకటన దగ్గర మొదలుపెట్టేవాడు. ఏ మనిషి ఏ పక్క నుంచి వచ్చాడు, చేతిలో ఏం ఉంది, మెట్లు ఎన్ని, కుక్క ఎక్కడ పడుకుంది, అన్నీ రావలసిందే. పాట వస్తే పాడేవాడు. సగం కాగానే "ఇంటర్వెల్" అని నోరు మూసుకునేవాడు. ఇక బతిమాలినా చెప్పేవాడు కాదు. మేము పెన్నులు కింద పెట్టి, బయటికి పోయి, కాళ్లు చాపుకొని, వేయించిన పల్లీలు తిని వచ్చి కూర్చుంటే గాని రెండో సగం మొదలయ్యేది కాదు. ఇంత వివరం ఎందుకురా అని ఒకసారి అడిగితే చాలా మామూలుగా జవాబు చెప్పాడు. "మా దిక్కు అడవికి పోయొచ్చినోడు సూసింది సూసినట్లు జెప్పాలె. తేనెకు పోయిన తొవ్వల ఎలుగు జాడ కనపడిందనుకో, జెప్పక ఇడిస్తె ఎనకపోయినోడు సస్తడు. ఒకటి తగ్గియ్యొద్దు, ఒకటి కలపొద్దు" అన్నాడు. మాకు ఆ మాట చాలా నచ్చింది. ఏ మాత్రం కల్తీ లేని సినిమా మా గదిలోనే దొరుకుతుందని కాలేజీలో చెప్పుకున్నాం కూడా.

రికార్డులు ఇవ్వడానికి రేపే ఆఖరు అనగా ఈదన్న మార్నింగ్ షోకు పోయాడు. వాడి రికార్డు అప్పటికే అయిపోయింది, వాడి గీతలు అచ్చు వేసినట్టుండేవి. నాకు ఇంకా నాలుగు ప్రయోగాలున్నాయి. రెండింటికి వచ్చి, కాళ్లు కడుక్కొని, గోడకు చేరబడి మొదలుపెట్టాడు. కథ ఏమంటే, చెయ్యని హత్య మీదపడి ఒక అన్న పారిపోతుంటాడు. చెల్లెలి మొగుడే ఇన్‌స్పెక్టరు. ఆ కాలపు సినిమాల్లో చెల్లెళ్లందరినీ ఇన్‌స్పెక్టర్లకే ఇచ్చేవారు. వాన పడుతోంది. అన్నకు మూడు రోజులుగా తిండి లేదు. ఎక్కడికీ పోలేక చివరికి చెల్లెలి ఇంటి తలుపు కొట్టాడు. లోపల మొగుడు తుపాకీ చేతిలోకి తీసుకున్నాడు. చెల్లెలు గడియ మీద చెయ్యి పెట్టి నిలబడింది. నా చెయ్యి సిమెంటు గట్టిపడే ప్రయోగం దించుతోంది. భాస్కర్ పెన్ను ఆపేశాడు. అరుగు మీద రాట్నం కూడా ఆగింది. ఈదన్న ఒకసారి గడప వైపు చూశాడు. గొంతు తగ్గించి, "చెల్లె గడియ తీసింది. తలుపు..." అని ఆగాడు. ఆగిన ఆ క్షణంలో అవ్వ ముక్కు చీది, "చాయ్ పెడ్త, ఉండుండ్రి, నేనొచ్చినంకనే జెప్పాలె" అని లోపలికి పోయింది.

చాయ్ వచ్చేలోపు పేజీ తిప్పుదామని అప్పటిదాకా రాసింది చూసుకున్నాను. ప్రయోగం చేసే విధానం ఇంగ్లీషులో సగం నడిచి, సూదిని మెల్లగా సిమెంటు మీదికి దించాలి అన్న చోట, పూర్తిగా తెలుగులోకి దిగింది. నా దస్తూరీనే. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు. "అన్న తలుపు కొట్టినాడు. చెల్లెలు గడియ మీద చెయ్యి పెట్టింది. లోపల మొగుడు తుపాకి తీసినాడు. చెల్లె గడియ తీసింది. తలుపు" అని రాసి ఉంది. ఆ తలుపు తర్వాత చుక్క కూడా లేదు.

సినిమా అక్కడే ఆగింది. గదిలో సభ మొదలైంది. పేజీ చింపుదామంటే రికార్డులో కాగితానికి ఒకటి చొప్పున అచ్చులో నంబర్లు ఉంటాయి, చింపితే ముప్పై ఒకటి తర్వాత ముప్పై మూడు వస్తుంది. కొత్త రికార్డు కొని మొదటి నుంచి రాయడానికి టైం లేదు. కొట్టేద్దామంటే భాస్కర్ ఒప్పుకోలేదు. "కొట్టేస్తే కండ్లవడ్తది. మంచిగున్న పేజీని ఎవరు సూస్తరు, ఖరాబైన పేజీనే సూస్తరు" అన్నాడు. వాడు జీవితంలో చెప్పిన ఒకే ఒక తెలివైన మాట అది. సారు ఎలాగూ చదవడు, కాబట్టి ఏమీ ముట్టుకోకుండా, తలుపు పక్కనుంచే మళ్లీ ఇంగ్లీషు ఎత్తుకొని ప్రయోగం పూర్తి చేయాలని తీర్మానం చేశాం. అలాగే చేశాను. నాగమ్మవ్వ చాయ్ గ్లాసులతో వచ్చి, "మల్ల ఆ పిల్ల ఏమాయె?" అని అడిగితే, "అవ్వా, జర ఆగు, ఈడ నా బతుకే పోయేటట్లున్నది" అని ఆమెను కసురుకున్నాను. ఆమె గ్లాసులు పెట్టి పోయి రాట్నం తిప్పుకుంది. భాస్కర్ ముప్పై రెండో పేజీకి విభూతి పెట్టబోయాడు. ఆ మరక కూడా కళ్లపడుతుందని చేతి మీద కొట్టాను.

మర్నాడు గంటకు ముందే రికార్డు ఇచ్చాను. రెండు రోజులు అన్నం సయించలేదు. కళ్లు మూసుకుంటే పత్తిపూలు కనపడేవి. మూడో రోజు సారు ఒక్కొక్కరినే పిలిచి రికార్డులు తిరిగి ఇస్తున్నాడు. నా వంతు వచ్చింది. రికార్డు చేతికి ఇస్తూ వదల్లేదు. ఒక కొస ఆయన చేతిలో, ఒక కొస నా చేతిలో. "నర్సింహులు, నాకేమన్న జెప్పేదున్నదా?" అన్నాడు. "లేదు సార్" అన్నాను. ఇంకా ఒక క్షణం చూసి వదిలేశాడు. వరండాలోకి పోయి ముప్పై రెండో పేజీ తీశాను. పేజీ శుభ్రంగా ఉంది. ఒక్క ఎర్ర గీత లేదు. ప్రయోగం కింద సంతకం. మొదటి పేజీలో పెద్ద సంతకం. నేను ఎగిరి గంతేశాను. భాస్కర్ వరండాలోనే డాన్సు చేశాడు. హాల్ టికెట్ చేతికి వచ్చింది. ఆఖరి పరీక్ష రోజు సారు మెట్ల దగ్గర ఎదురై, "రికార్డు సక్కగ సూసుకున్నవా?" అని మళ్లీ అడిగాడు. "సూసుకున్న సార్" అన్నాను. మా పరీక్షలు అయ్యేలోగా సినిమా ఊరు విడిచిపోయింది. సెలవులకు ఎవరి ఊరికి వాళ్లం పోయాం. రికార్డు పెట్టెలోకి, పెట్టె అటక మీదికి పోయింది. సంతకమైన రికార్డును మళ్లీ తెరిచిన విద్యార్థి ఎవడైనా ఉంటే నాకు చూపించండి.

ఉద్యోగంలో చేరాక ఆ కథ నా ఆస్తి అయింది. ఎక్కడ నలుగురు ఇంజనీర్లు కూర్చున్నా నేను ముప్పై రెండో పేజీ తీసేవాణ్ణి. "సిమెంటు నడుమ చెల్లెలు తలుపు తీసినా సంతకం పెట్టిండు మా సారు" అంటే ఎవరైనా పడీపడీ నవ్వేవారు. నా కింది ఉద్యోగులు పంపిన రిపోర్టుల మీద నేను కూడా చదవకుండానే సంతకాలు పెట్టాను. అప్పుడు సారు గుర్తుకు వచ్చి, మనం గురువును మించలేదు గాని తగ్గలేదు అనుకునేవాణ్ణి. చాలా ఏళ్ల తర్వాత ఒకసారి గద్వాల బస్టాండులో సారు కనపడ్డాడు. బాగా వంగిపోయాడు, జేబులో పెన్సిలు మాత్రం ఉంది. కాళ్లకు దండం పెట్టాను. పేరు చెప్పకముందే గుర్తుపట్టాడు. ఉద్యోగం, పిల్లలు ఏమీ అడగలేదు. "ఆ రికార్డు ఉన్నదా, పారేసినవా?" అని అడిగాడు. "ఉంది సార్, అటక మీద." "ఎప్పుడన్న తెరిసి సూసినవా?" "దేనికి సార్ ఇంక?" అని నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. ఇంతలో వనపర్తి బస్సు వచ్చింది, సీటు దొరకదని పరుగెత్తాను. పెద్దవాళ్లకు ఏదో ఒకటే మాట పట్టుకుంటుందని బస్సులో అనుకున్నట్టు కూడా గుర్తు. ఆ తర్వాత ఒక రెండేళ్లకు సారు ఆ ఇంట్లోనే పోయాడని తెలిసింది. థియేటర్ అప్పటికే ఫంక్షన్ హాల్ అయింది.

ఇదంతా విని మౌనిక బాగా నవ్వింది. "మీ ఈదన్న అంకుల్ సినిమా ఎక్స్‌ప్లెయిన్ వీడియోలు జేసేటోళ్ల కంటె ముందే పుట్టిండన్నమాట" అంది. తర్వాత ఆమె అడగవలసిన ప్రశ్నే అడిగింది. "మరి తలుపు తీసినంక ఏమైంది?" నాకు తెలియదన్నాను. హాల్ టికెట్ సంబరంలో ఈదన్నను మళ్లీ అడగనే లేదు. సినిమా పేరు అడిగింది. అదీ గుర్తులేదు. "స్టోరీ సగంల ఇడిసిపెడితె ఎట్ల డాడీ?" అని విసుక్కొని, చేతిలో ఉన్న రికార్డును టపాటపా తిప్పి ఆఖరి పేజీకి పోయింది. ఏది చూసినా ఆఖరుకు పోయి చూడటం ఆమెకు అలవాటు. ఆ అలవాటు మీద నేను ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చానో ఆమెనే అడగాలి. ఆఖరి పేజీలు ఖాళీవి, ప్రయోగాలు అక్కడిదాకా రావు. "డాడీ, ఈడ పెన్సిల్‌తోని ఏమో రాసున్నది" అంది.

కళ్లజోడు పెట్టుకొని కిటికీ దగ్గరికి తీసుకుపోయాను. చిన్న అక్షరాలు, సారువి. బయటి నుంచి వచ్చే పరీక్షకుడి కంట పడకూడదనే కాబోలు, ఎవరూ తిప్పని చోట రాశాడు. "పేజీ 32. ఈ సినిమాను మా ఇంట్లో నుంచి రోజూ రెండు ఆటలు వింటున్నాను. తలుపు కొట్టిన చప్పుడు వస్తుంది. అన్న పిలిచిన పిలుపు వస్తుంది. తుపాకి చప్పుడు వస్తుంది. గడియ తీసిన చప్పుడు ఒక్కనాడు కూడా రాలేదు. నిజంగా తీసిందా? తర్వాత ఏమైంది? ఇంటికి వచ్చి చెప్పి పో."

నేను కిటికీ దగ్గరే దాన్ని మరోసారి చదివాను. మనిషి మూడుసార్లు అడిగాడు. రికార్డు కొస పట్టుకొని అడిగాడు, మెట్ల దగ్గర అడిగాడు, బస్టాండులో అడిగాడు. సారు చదవడని ముప్పై ఏళ్లు ఊరంతా చెప్పి నవ్వించిన వాణ్ణి నేను. కాలేజీ మొత్తంలో చదివినవాడు ఆయన ఒక్కడే, చదవనివాణ్ణి నేను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. మా అమ్మాయి ముందు కళ్లు తుడుచుకున్నాను. ఆమె ఫోను పక్కన పెట్టి, "ఈదన్న అంకుల్‌కు ఫోన్ జెయ్యి డాడీ" అంది.

ఈదన్న పంచాయతీరాజ్‌లో చేసి రిటైరై మన్ననూర్‌లోనే ఉంటున్నాడు. అక్కడ సిగ్నల్ దొరకాలంటే వాడు ఇంట్లోంచి రోడ్డు మీదికి రావాలి. వచ్చి, "ఏందిరా నర్సిం, బాగున్నవా?" అన్నాడు. నేను బాగోగులు వదిలేసి ముప్పై రెండో పేజీలో ఆ తెలుగు వాక్యాలు చదివి వినిపించాను. తర్వాత సారు రాసింది చదివాను.

"సారు ఇన్నది నిజమేరా" అన్నాడు ఈదన్న. "సిన్మాల ఆ పిల్ల తలుపు తియ్యదు. మొగుడు కిటికీలకెళ్లి కాలుస్తడు. అన్న గడప అవతల్నే సచ్చిపోతడు. నేను సూసింది అదే."

"మరి తీసిందంటివి గదరా?"

"నాగమ్మవ్వ రాట్నం ఆపింది గద. గడప కాడ్కి సూస్తి, అవ్వ కొంగు నోట్లె పెట్టుకున్నది. ఇప్పుడు అన్నను సంపితె అవ్వ ఆ పొద్దుకు కండెలు సుట్టదు, మనకు చాయ్ రాదు అనుకున్న. నోరు దానంతలదే 'తీసింది' అన్నది. జిందగీల ఒక్కటే అబద్ధం జెప్పిన, అది నువ్వు రికార్డుల రాసి సంతకం పెట్టిచ్చుకుంటివి." వాడు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"తీసినంక ఏమైందో గదన్న జెప్పురా" అన్నాను.

"ఏమైతదో నాకు మాత్రం ఏమెరుక? చాయ్ తాగుకుంట ఆలోచిస్తమనుకుంటి. నీ గొడవ వచ్చి పడె. బతికితిరా దేవుడా అనుకుంటి."

"ఇప్పుడు ఆలోచించు. సారు అడుగుతుండు."

ఫోన్లో ఏదో లారీ పోయిన చప్పుడు. మౌనిక స్పీకర్ పెట్టి దగ్గరికి జరిగింది. ఈదన్న గొంతు సవరించుకున్నాడు. ఆ సవరింపు నాకు బాగా తెలుసు, సబ్బు ప్రకటన ముందు సవరించుకున్నట్టే ఉంది.

"తలుపు తీసింది. అన్న లోపలికి వచ్చిండు. పైనుంచి కాళ్ల దాక నీళ్లు కారుతున్నయ్. మొగుడు తుపాకి లేపిండు. చెల్లె నడుమకు వచ్చి నిలవడలే, ఏడ్వలే, కాళ్ల మీద పడలే. పీట ఏసింది. కంచం పెట్టింది. మొగునితోని అన్నది, మా అన్న అన్నం తినక మూడు రోజులైంది, తిన్నంక కాల్సు అన్నది."

"తిన్నంక?" అంది మా అమ్మాయి, నాకంటే ముందు.

"తినంగ సూసినంక ఎవలు కాలుస్తరు బిడ్డా" అన్నాడు ఈదన్న.

ఫోను పెట్టేశాక మౌనిక పౌచ్‌లో పెన్సిలు వెతికి తీసుకున్నాను. ఆఖరి పేజీలో సారు అక్షరాల కింద, ఈదన్న చెప్పింది చెప్పినట్టు, ఒకటి తగ్గించకుండా, ఒకటి కలపకుండా రాశాను. నాగమ్మవ్వకు కూడా ఇదే జవాబు బాకీ అని రాస్తుంటే గుర్తుకు వచ్చింది. కింద నా పేరు, రోల్ నంబరు వేశాను. సంతకానికి కొంచెం చోటు వదిలిపెట్టాను. గంట కొట్టిన తర్వాత ఇచ్చిన రికార్డును మా సారు ముట్టుకోడని నాకు తెలుసు.